ప్రతి గ్రహం పద్దూ మీరే రాయనక్కర్లేదు: అంతరిక్ష వ్యూహ క్రీడల్లో ఆర్థిక వ్యవస్థను నడపడం ఎలా

స్టెల్లారిస్ అనే అంతరిక్ష వ్యూహ క్రీడలో 2290వ సంవత్సరం నడుస్తోంది. మీ సామ్రాజ్యంలో ఇరవై ఆరు గ్రహాలు. తెర కుడివైపు జాబితాలో ఒక గ్రహం పక్కన నిరుద్యోగం గుర్తు, మరో గ్రహం పక్కన ఇళ్ల కొరత గుర్తు. ఒకదాన్ని సరిచేసేలోపు ఇంకొకటి ఎర్రబడుతుంది. పొరుగు రాజ్యం మీదికి నౌకాదళాన్ని పంపాలని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. రెండు గంటలు గడిచాయి, ఒక్క నౌక కూడా కదలలేదు. ఈ స్థితికి వచ్చిన చాలామంది ఆటను అక్కడే వదిలేసి కొత్తది మొదలుపెడతారు. తొలి ముప్పై ఏళ్ల ఆనందం మళ్లీ దొరుకుతుంది, మళ్లీ అదే చోట విసుగు పుడుతుంది.

నేను అలా ఎన్నో సామ్రాజ్యాలను మధ్యలో వదిలేశాను. ఆటలో లెక్కలు మరీ ఎక్కువని చాలాకాలం అనుకున్నాను. లెక్కలు తక్కువగా ఉన్న ఆటలకు మారి చూస్తే కొన్నాళ్లకు అవి చప్పగా అనిపించాయి. చివరికి తెలిసిందేమిటంటే, చేత్తో చేసే పనికి విలువ ఆట మొదట్లో చాలా ఎక్కువ, పోనుపోను తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను గమనిస్తూ, ఎప్పుడు ఏ పనిని వదిలేయాలో ముందే నిర్ణయించుకుంటే పెద్ద సామ్రాజ్యం కూడా భారం కాదు. దాన్ని ఆచరణలో ఎలా పెట్టాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా స్టెల్లారిస్ నుంచే తీసుకున్నాను. పద్ధతి మాత్రం మిగతా ఆటలకూ పనికొస్తుంది.

ముందు మీ ఆట ఏ రకమో తేల్చుకోండి

ఈ ఆటలను ఫోర్ ఎక్స్ ఆటలు అంటారు. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి రాస్తూ అలన్ ఎమ్రిచ్ ఈ పేరు పెట్టారు. అన్వేషణ, విస్తరణ, వనరుల వినియోగం, శత్రు నిర్మూలన అనే నాలుగు పనుల ఇంగ్లీషు పేర్లలో వినిపించే ఎక్స్ శబ్దం నుంచి వచ్చింది ఆ మాట. మన సమయాన్ని మింగేది ఎప్పుడూ మూడో ఎక్సే.

మాస్టర్ ఆఫ్ ఓరియన్ మొదటి ఆటలో ఒక్కో గ్రహానికి ఐదు పట్టీలు మాత్రమే ఉండేవి: నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. ఉత్పత్తిలో దేనికి ఎంత వాటా ఇవ్వాలో ఆ పట్టీలను జరిపి చెబితే చాలు. ఫ్యాక్టరీలు ఒక అంకె, అంతే. 1996లో వచ్చిన రెండో ఆటలో మనుషులను ఒక్కొక్కరిగా సాగుకు, పరిశ్రమకు, పరిశోధనకు పంచాలి. ప్రతి గ్రహానికీ కట్టడాల వరుస విడిగా ఉంటుంది. చాలామందికి ఇప్పటికీ ఆ రెండో ఆటే ఇష్టం, నాకూ అంతే. కానీ ఇరవయ్యో గ్రహంలో అవే కట్టడాలను అదే వరుసలో మళ్లీ పేర్చే వేళకు చెయ్యి నొప్పి పుడుతుంది. 2003లో వచ్చిన మూడో ఆట ఈ బరువంతా తీసి, గ్రహాలను పాలించే ప్రతినిధుల చేతిలో పెట్టింది. మనం ఇచ్చిన ఆజ్ఞలను వాళ్లు మార్చేస్తున్నారని, ఎందుకు మారుస్తున్నారో కూడా తెలియడం లేదని ఆటగాళ్లు మండిపడ్డారు. ఎంత పని తగ్గిందన్నది ఒక్కటే చూస్తే సరిపోదని ఆ మూడో ఆట నాకు నేర్పింది. అప్పగించిన పని ఎలా జరుగుతోందో మన కంటికి కనబడాలి.

సరళమైన ఆటలో కూడా చాకిరీ దాగి ఉంటుంది. 1999 నాటి హోమ్‌వరల్డ్‌లో వనరు ఒక్కటే. అయినా ఒక ఘట్టం పూర్తయ్యాక, మిగిలిన గ్రహశకలాలన్నిటినీ తవ్వుకునేదాకా ఆటగాళ్లు ఊరికే కూర్చునేవారు. ఆ సంపద తర్వాతి ఘట్టానికి వెంట వస్తుంది కాబట్టి కూర్చోకపోతే నష్టం. రెండో హోమ్‌వరల్డ్‌లో ఘట్టం ముగియగానే ఆ సేకరణ తనంతట తానే జరిగేలా మార్చారు. మరోవైపు 2008లో వచ్చిన సిన్స్ ఆఫ్ ఏ సోలార్ ఎంపైర్‌ను చూడండి. క్రెడిట్లు, లోహం, స్ఫటికం అనే మూడే మూడు వనరులు. నౌకాదళం పరిమితిని పెంచుకున్న ప్రతిసారీ మొత్తం ఆదాయంలో ఇంకొంత శాతం కోత పడుతుంది. ఆ ఒక్క మీట నొక్కడానికి నేను చాలాసేపు ఆలోచించేవాణ్ణి. క్లిక్ ఒకటే, దాని వెనుక ఉన్న ప్రశ్న పెద్దది.

మీ ఆటలో ఏది నిర్ణయమో, ఏది చాకిరీయో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఇప్పుడు చేస్తున్న పనినే మరో పది గ్రహాల్లో చేయాల్సి వస్తే మీ జవాబు మారుతుందా? మారితే అది నిర్ణయం, మీ దగ్గరే ఉంచుకోండి. పదింటికీ జవాబు ఒకటే అయితే దాన్ని నియమంగా మార్చి ఆటకు అప్పగించవచ్చు.

ఆట మొదలుపెట్టకముందే సగం పని తగ్గించుకోండి

ఈ అడుగును ఎక్కువమంది దాటవేస్తారు. స్టెల్లారిస్‌లో కొత్త ఆట తెరిచేటప్పుడు గెలాక్సీ పరిమాణం అడుగుతుంది. 200 నక్షత్రాల నుంచి 1000 వరకు ఉంటుంది. రోజుకు గంటా రెండు గంటలు ఆడేవారు 400 దాటి వెళ్లనక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైనది నివాసయోగ్య గ్రహాల సంఖ్యను నిర్ణయించే పట్టీ. దాన్ని సగానికి గానీ పావుకు గానీ దించండి. గ్రహాలు తగ్గితే తెరవాల్సిన కిటికీలు తగ్గుతాయి. దొరికిన ప్రతి మంచి గ్రహం మీదా పొరుగువారితో తగువు మొదలవుతుంది. జనాభా లెక్కల భారం తగ్గి, చివరి దశలో కంప్యూటర్ కూడా తేలిగ్గా నడుస్తుంది.

జాతి ఎంపికలోనూ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. యంత్ర మేధస్సుగా ఆడితే ఆహారం అక్కర్లేదు, వినియోగ వస్తువుల బెడద దాదాపు ఉండదు. లెక్క చూడాల్సిన సరుకుల్లో రెండు మొదటే తగ్గిపోయాయన్నమాట. దీనికి అదనపు ప్యాకేజీ కొనాలి. కొత్తగా నేర్చుకునేవారికి నేను ముందు సలహా ఇచ్చేది మాత్రం మామూలు జాతితోనే. ఒక సరుకు నుంచి మరో సరుకు తయారయ్యే గొలుసు ఎలా అల్లుకుంటుందో ఒకసారి కళ్లారా చూడాలి.

మొదటి నలభై ఏళ్లు ఏదీ వదలకండి

ఆట 2200లో మొదలవుతుంది. 2240 దాకా ప్రతి మనిషి ఏ పని చేస్తున్నాడో, ఏ కట్టడం ఏ వరుసలో లేస్తుందో మీరే చూడండి. నెలకు 30 ఖనిజాలు వచ్చే రోజుల్లో ఒక్క గని కార్మికుడు అదనంగా 4 తెస్తే ఆదాయం 13 శాతం పెరుగుతుంది. ఆ ఖనిజాలతో ఇంకో గని ముందుగా వస్తుంది, దానితో మరొకటి. నెలకు 800 వచ్చే రోజుల్లో అదే కార్మికుణ్ణి అదే క్లిక్‌తో పెడితే కలిసొచ్చేది అర శాతం. అందుకే ఆట మొదట్లో మాటిమాటికీ ఆపండి. స్పేస్ మీట నొక్కితే కాలం ఆగుతుంది. ఆపి ఆలోచించడంలో తప్పేమీ లేదు.

ఈ దశలో పొదుపు కూడా ప్రమాదమే. 500 ఖనిజాలు నిల్వ ఉన్నాయని సంతోషపడకండి. ఇంకా కట్టని గని మనకు ప్రతి నెలా నష్టమే తెస్తుంది. నిరుద్యోగి లేకుండా, అలాగే పనిచేసేవాడు లేక ఖాళీగా పడున్న ఉద్యోగాలు మరీ పెరగకుండా చూసుకుంటూ కట్టుకుపోండి. మనుషులు లేని కట్టడానికి కూడా నిర్వహణ ఖర్చు ఉంటుంది.

గొలుసును చివరి నుంచి లెక్కపెట్టండి

ఈ ఆటలో ఎక్కువ ఓటములకు కారణం యుద్ధభూమిలో ఉండదు, మిశ్రలోహాల కొరతలో ఉంటుంది. నౌకలు, నక్షత్ర స్థావరాలు, సరిహద్దు పెంచే చౌకీలు అన్నిటికీ మిశ్రలోహాలే కావాలి. కాబట్టి ఖనిజాల నుంచి పైకి ఎక్కకండి. మీకు నెలకు ఎన్ని మిశ్రలోహాలు కావాలో ముందు అనుకుని, అక్కడి నుంచి కిందికి దిగండి.

2025 మేలో ఆట 4.0 వెర్షన్ రాకముందు ఉన్న లెక్క ఇది. సాంకేతికతలు, ఇతర అదనపు లాభాలు ఏవీ కలపకుండా చూస్తే ఒక లోహకారుడు నెలకు 6 ఖనిజాలు తిని 3 మిశ్రలోహాలు ఇస్తాడు. ఒక గని కార్మికుడు 4 ఖనిజాలు తవ్వుతాడు. అంటే ఇద్దరు లోహకారులను పోషించడానికి ముగ్గురు గని కార్మికులు కావాలి. ఐదుగురు కష్టపడితే వచ్చేది 6 మిశ్రలోహాలు. నెలకు 60 కావాలంటే ఆ ఒక్క గొలుసుకే యాభై మంది. పరిశోధన వైపు కూడా ఇలాంటి గొలుసే ఉంది. ఒక హస్తకళాకారుడు 6 ఖనిజాలతో 6 వినియోగ వస్తువులు చేస్తాడు, ఒక్కో పరిశోధకుడు నెలకు 2 వాడతాడు. ఒక హస్తకళాకారుడు ముగ్గురు పరిశోధకులకు సరిపోతాడు. సామాన్య జనం వాడకం దానికి అదనం. 4.0 నుంచి జనాభాను వందల్లో లెక్కిస్తున్నారు కాబట్టి తెర మీద అంకెలు వేరుగా కనబడతాయి. గొలుసు వరుస మాత్రం అదే.

ఈ రెండు నిష్పత్తులను ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. కొత్త గ్రహం దొరికిన ప్రతిసారీ దాన్ని దేనికి వాడాలో ఆ కాగితమే చెబుతుంది. నేను ఎన్నో రాత్రులు గ్రహాల కిటికీలు తెరుస్తూ మూస్తూ వెతుక్కున్న సమాధానాలు చాలావరకు ఈ నాలుగు వరుసల్లోనే ఉన్నాయి.

ఒక గ్రహానికి ఒకే వృత్తి

గనుల గ్రహం గనులే తవ్వాలి, కొలిమి గ్రహం లోహాలే కరిగించాలి. ప్రతి గ్రహమూ తన కాళ్ల మీద తాను నిలబడాలని, అన్నిచోట్లా కొంత పొలం, కొంత గని, ఒక ప్రయోగశాల కట్టాలని చాలామందికి అనిపిస్తుంది. అక్కడే చాకిరీ మొదలవుతుంది. అలాంటి ఇరవై గ్రహాల్లో ఖనిజాలు తగ్గితే ఇరవై కిటికీలు తెరవాలి. వృత్తి ఒక్కటే అయితే ఏ గ్రహాన్ని తెరవాలో ముందే తెలుసు. గ్రహానికి మీరు ప్రకటించే హోదాను బట్టి ఆ వృత్తికి కొంత అదనపు లాభం కూడా ఆట ఇస్తుంది. హోదాను ఆట ఎంపికకు వదలకుండా మీరే ప్రకటించండి. అలాగే గ్రహం పేరులోనే దాని వృత్తిని చేర్చండి. గని-1, గని-2, కొలిమి-1 అని పెడితే జాబితాను చూడగానే సామ్రాజ్యం మొత్తం కళ్ల ముందు ఉంటుంది.

రాజధానికి మాత్రం ఈ నియమం వద్దు. మొదటి యాభై ఏళ్లు అది అన్నీ చేయాలి.

చిన్న లోటుకు భయపడకండి

తెర పైభాగంలోని వనరుల వరుసలో ఒక అంకె ఎర్రగా కనబడగానే ఆట ఆపి దాన్ని సరిచేయడం మనలో చాలామందికి అలవాటు. కొత్త ఆటగాళ్ల సమయం సగం దీనికే పోతుంది. స్టెల్లారిస్‌లో నెలవారీ లోటు దానంతట అది శిక్ష కాదు, నిల్వ సున్నాకు చేరితేనే ఇబ్బంది. 3000 ఎనర్జీ క్రెడిట్లు చేతిలో ఉండి నెలకు 20 తగ్గుతుంటే 150 నెలలు, అంటే పన్నెండున్నర ఏళ్ల సమయం ఉంది. ఈలోపు కొత్త సాంకేతికత ఒకటి రావచ్చు, ఒక గ్రహం ఎదగవచ్చు. నిల్వను నెలవారీ లోటుతో భాగించండి. జవాబు 60 నెలలు దాటితే ముట్టుకోకండి.

నిల్వకు పరిమితి ఉందని, దాన్ని దాటిన సరుకు గాలికి పోతుందని కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ మార్కెట్ సాయం తీసుకోవాలి. 2018 డిసెంబరులో 2.2 వెర్షన్‌తో మార్కెట్ వచ్చింది. దానిలో నెలవారీ కొనుగోలు, అమ్మకం ఏర్పాటు ఉంది. ఎక్కువగా ఉన్న ఆహారాన్ని నెలకు కొంత అమ్మమని, తక్కువైన ఖనిజాలను కొంత కొనమని ఒకసారి చెబితే చాలు. ధరకు పరిమితి కూడా పెట్టవచ్చు. రుసుము మొదట్లో 30 శాతం ఉంటుంది కాబట్టి దాని మీదే బతకకూడదు. ఒకేసారి పెద్ద మొత్తంలో కొంటే ధర ఎగబాకుతుంది, కొంతకాలానికి మళ్లీ దిగుతుంది. అందుకే నెలకు కొంచెం చొప్పున కొనడం లాభం. ఒక్క గ్రహాన్నీ కదిలించకుండా లోటును సర్దుబాటు చేయడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

అప్పగించేముందు ఒక గ్రహంతో పరీక్షించండి

2240 దాటి, పది గ్రహాలు చేతికి వచ్చాక అప్పగింత మొదలుపెట్టండి. అన్నిటినీ ఒకేసారి అప్పగించకండి. ఒకసారి నేను విసుగుతో పదిహేను గ్రహాలకూ ఆటోమేషన్ పెట్టేశాను, అంటే ఏం కట్టాలో ఆటకే వదిలేశాను. మిశ్రలోహాలకు దాచుకున్న ఖనిజాలన్నీ అడగని కట్టడాలకు పోయాయి. అదే సమయంలో యుద్ధం వచ్చింది, నౌకలకు లోహం లేదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. నిండా ఎదిగిన గని గ్రహం ఒకటి తీసుకుంటాను. హోదా స్థిరంగా పెట్టి, ఆటోమేషన్ అమరికల్లో ఇళ్లు, సౌకర్యాలు, నేరాల అదుపు లాంటివి ముందు అప్పగిస్తాను. రెండేళ్ల ఆట కాలం, అంటే 24 నెలలు చూస్తాను. దిగుబడి పెరిగిందా, అనవసరపు కట్టడం ఏదైనా లేచిందా అని చూసి, నచ్చితే మిగిలిన గనులకూ అదే అమరిక. ఆ తర్వాత పొలాలు, విద్యుత్ గ్రహాలు. కొలిమి గ్రహాలను, రాజధానిని, అరుదైన వనరులు వాడే ఖరీదైన కట్టడాలను చివరిదాకా నా దగ్గరే ఉంచుకుంటాను.

ఆట తయారుచేసిన పారడాక్స్ సంస్థ కూడా ఇదే సమస్యతో ఏళ్లతరబడి కుస్తీ పడుతోంది. 2016 మేలో వచ్చిన మొదటి రూపంలో గ్రహం నేల గళ్లుగళ్లుగా ఉండేది. ఒక గడిలో ఒక మనిషి, ఒక కట్టడం. నేరుగా పాలించగల పరిధికి హద్దు ఉండేది, అది దాటిన గ్రహాలను సెక్టార్లకు, అంటే ఆటే నడిపే గ్రహాల సమూహాలకు, అప్పగించక తప్పేది కాదు. 2.2 ఆ గళ్లను తీసేసి డిస్ట్రిక్టులు (గనులు, పొలాలు, ఇళ్లు లాంటి వాటికి కేటాయించే ప్రాంతాలు), ఉద్యోగాలు తెచ్చింది. అప్పుడు నిరుద్యోగులను ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి చేత్తో తరలించే పని పెద్ద తలనొప్పిగా మారింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 3.0తో నిరుద్యోగులు తమంతట తాము వలస వెళ్లడం మొదలైంది. నాకు ఆ మార్పు చేసిన మేలు ఇంతా అంతా కాదు. మీరు ఇంకా నిరుద్యోగులను చేత్తో తరలిస్తుంటే ఈరోజే మానేయండి. పనులు ఉన్న చోట ఇళ్లు ఉండేలా చూస్తే, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఏటా జనవరి 1న లెక్కలు చూడండి

అప్పగింత తర్వాత గ్రహాల కిటికీలు తెరవడానికి ఒక తేదీ పెట్టుకోండి. నేను ఏటా జనవరి 1న ఆట ఆపుతాను. ఇరవై గ్రహాలు దాటాక రెండేళ్లకోసారి. ముందు మిశ్రలోహాలు, తర్వాత ఖనిజాలు, ఎనర్జీ చూస్తాను. గుర్తులు మెరుస్తున్న గ్రహాల్లో పెద్దవి మూడింటిని మాత్రమే తెరుస్తాను. మిగతావి వచ్చే ఏటికి. మధ్యలో గుర్తులు వస్తూనే ఉంటాయి, చూసీ చూడనట్టు సాగిపోవాలి. ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది. చెయ్యి తనంతట తాను ఆ గుర్తు వైపు వెళ్తుంది.

యుద్ధం నడుస్తుంటే ఈ తనిఖీ కూడా వాయిదా వేయండి. గ్రహంలో ఇళ్ల కొరత పదేళ్లు ఉన్నా సామ్రాజ్యం కూలదు. నౌకాదళాన్ని ఒక్క నెల గమనించకపోతే కూలవచ్చు. నౌకల బలగాన్ని కూడా నమూనాగా రాసుకుని, నష్టాలను భర్తీ చేసే మీటతో నింపండి.

గెలిచిన గ్రహాలు అన్నీ మీకే వద్దు

యుద్ధం గెలిచాక ఒక్కసారిగా ఎనిమిది గ్రహాలు చేతికి వస్తాయి. అన్నిటిలోనూ ఎవరో అడ్డదిడ్డంగా కట్టిన కట్టడాలు, అసంతృప్తితో ఉన్న జనం. బాగా నడుస్తున్న ఆట చతికిలబడేది సాధారణంగా ఇక్కడే. వాటిలో కొలిమికి పనికొచ్చేది ఒకటి, అరుదైన వనరు ఉన్నది ఒకటి ఉంచుకుని, మిగతా వాటిని ఒక సెక్టార్‌గా చేసి సామంత రాజ్యంగా విడుదల చేయండి. 2022 మే నుంచి, దానికి తగిన అదనపు ప్యాకేజీ ఉంటే, సామంతులతో ఒప్పందం షరతులు విడివిడిగా రాసుకోవచ్చు. ఏ వనరులో ఎంత వాటా కప్పంగా రావాలో అందులోనే పెట్టండి. గ్రహాలన్నిటినీ మీరే నడిపితే వచ్చేదానికంటే కప్పం తక్కువే ఉంటుంది. నేను ఆ తేడాను సంతోషంగా వదులుకుంటాను, ఎందుకంటే ఆ ఎనిమిది కిటికీలు ఇక నేను తెరవను.

ఇవన్నీ చేసినా గ్రహాల పనే ఎక్కువ అనిపిస్తే, 2022 మార్చిలో వచ్చిన డిస్టెంట్ వరల్డ్స్ 2 ఆడి చూడండి. అందులో సరుకు రవాణా నౌకలు, గని నౌకలు ప్రైవేటు వ్యాపారానివి, వాటంతట అవే తిరుగుతాయి. రాజ్యానికి పన్నులు వస్తాయి. పరిశోధన, నిర్మాణం, దౌత్యం, నౌకాదళం ఒక్కోదాన్నీ మీరే చేయాలా, ఆట సలహా ఇస్తే ఒప్పుకోవాలా, పూర్తిగా ఆటకే వదలాలా అన్నది విడివిడిగా ఎంచుకోవచ్చు. మొదటిసారి అన్నీ ఆటకు వదిలి, ఒక్క నౌకాదళాన్ని మాత్రం మీరు నడపండి. పది పదిహేను గంటలు ఆడాక నౌకల రూపకల్పన మీ చేతిలోకి తీసుకోండి. ఆపైన ఏది తీసుకోవాలని మనసు లాగితే అది.

లెక్కలే మీకు ఇష్టమైతే, ఎంత లోతైనా దిగగలనంటే, అరోరా అనే ఉచిత ఆట ఉంది. తెరంతా పట్టికలే, బొమ్మలు దాదాపు ఉండవు. పదకొండు రకాల ఖనిజాలు, ఏ గ్రహంలో ఏది ఎంత ఉందో, ఎంత సులువుగా తవ్వవచ్చో విడివిడిగా లెక్క. ఒక నోటు పుస్తకం, పెన్సిలు దగ్గర పెట్టుకుని కూర్చోండి.